పత్తి మిల్లు కొళాయి

యాభైల మొదట్లో ఆదోనిలోని ఒక పత్తి మిల్లులో నేను హాజరు గుమాస్తాను. గింజ నుంచి దూదిని వేరుచేసే మరలను మేము జిన్నులనేవాళ్లం. వాటి ముందు కూర్చుని పత్తి అందించేది ఆడవాళ్లే. వాళ్లు రాకపోతే ఆవిరి ఇంజను నీళ్లూ కట్టెలూ మింగుతూ ఊరికే తిరిగేది. ఆ ఎండాకాలం వాళ్లు ఒక్కొక్కరే మానేయసాగారు. ఆవరణలో పత్తికుప్ప ప్రహరీ కంటే ఎత్తు లేచింది. తొలకరి పడేలోగా దాన్ని జిన్నుల్లో ఆడించకపోతే తడిసి చెడిపోతుంది.

మా సావుకారుకు తోచిన మందు ఒక్కటే. "వారం కూలి ఆపి పెట్టుకో. యాడికి పోతారో చూస్తాం," అన్నాడు మేనేజరుతో.

మేనేజరుది ఎమ్మిగనూరు. మా మిల్లుకు రాకముందు అక్కడ మగ్గాల షెడ్డు నడిపిన మనిషి. "ఆపితే ఉన్నోళ్లు గూడా పోతారు సావుకారూ. పోయినోళ్లను తిట్టేముందు వాళ్ల ఇల్లు చూసి రావల్ల. మగ్గాలకాడ నేను నేర్చుకున్నది అదొక్కటే," అన్నారు.

మర్నాడు తెల్లవారుతుండగా నన్ను వెంటబెట్టుకుని కూలీల పేటకు వెళ్లారు. పేట చివర ఒకే ఒక చేదబావి. దాని చుట్టూ బిందెలు, బిందెల వెనక మా మిల్లు మానేసినవాళ్లు. చేతివేగానికి పేరున్న ఒక పెద్దావిడ మమ్మల్ని చూసి కొంగు సర్దుకుంది.

"ఏమ్మా, పక్క మిల్లులో కూలి ఎక్కువంట గదా?" అని అడిగారు మేనేజరు.

"ఎక్కువేలేప్పా, ఒగ అణా. దానికి కాదు. మీ మిల్లు కూత కూసేటప్పటికి ఈడ నా వంతు రాదు. వంతు ఇడిసి వస్తే ఇంట్లో తాగేకి సుక్క ఉండదు. ఆ మిల్లోళ్లు రోంత పొద్దెక్కినాక పిలుస్తారు."

పక్కనున్నామె అందుకుంది: "మీ సావుకారు నీళ్లు లేకుండా బతుకుతాడేమో, మాకు సేతగాదు!"

అందరూ నవ్వారు. మేనేజరు కూడా నవ్వారు. తిరిగి రాగానే మాత్రం నేరుగా మిల్లు బావి దగ్గరికి నడిచారు.

అది లోతైన బావి. బాయిలరు కోసం దాని నీళ్లను ఎత్తైన తొట్టికి ఎక్కించేవాళ్లం. ఆ కూలీలలో చాలామందిని, హిందువులనీ లేదు క్రైస్తవులనీ లేదు, కులం పేరు చెప్పి బావి దగ్గరికి రానిచ్చేవారు కాదు. మేనేజరు ఆ తొట్టి నుంచి గొట్టం దింపించి, గేటు పక్కన కొళాయి పెట్టించారు. పని వదిలాక ప్రతి ఒక్కరూ రెండు బిందెలు పట్టుకుపోవచ్చు. కూర్చున్న జిన్నుల వరసలోనే కొళాయి దగ్గరా నిలబడాలి, ఇంకే వరసా చెల్లదు. బావినే అందరికీ తెరిపించలేకపోయానన్న కొరత ఆయనకు ఉండేది. అయినా వారం తిరక్కుండానే జిన్నుల ముందు ఖాళీలు నిండాయి.

ఎండలు ముదిరేసరికి బావి కిందికి దిగింది. బాయిలరుకూ బిందెలకూ కలిపి నీళ్లు చాలవని తేలింది.

"కొళాయి కట్టెయ్! నేను మిల్లు పెట్టినానా, చలివేంద్రం పెట్టినానా?" అని సావుకారు మండిపడ్డాడు.

"కొళాయి కడితే బాయిలరుకు నీళ్లుంటాయి, పత్తి అందించేకి చేతులుండవు. ఇంజనునే మధ్యాహ్నానికి ఆపుతా. కూలి మాత్రం పూర్తిగా ఇయ్యల్ల."

"ఇస్తా. వాన పడేలోగా కుప్ప తరగలేదనుకో, నువ్వు ఎమ్మిగనూరు దారి పట్టాల్సిందే."

మేనేజరు బతిమాలలేదు. నేరుగా జిన్నుల దగ్గరికి వెళ్లి, ఆ మాటలన్నీ దాచకుండా వాళ్లకే చెప్పారు. పెద్దావిడ చేతికంటిన దూది దులుపుకుంది.

"నిన్ను పోనీయంలేప్పా. ఇంజను తిరిగేంతసేపూ ఒక్క జిన్నునూ ఉత్తగ తిరగనీయం."

అన్నట్టే చేశారు. ఒకామె బిడ్డకు పాలివ్వడానికి లేస్తే పక్కామె రెండు జిన్నులకూ పత్తి అందించేది. సద్ది కూడా వంతులవారీగానే తిన్నారు. ఇంతకుముందు రోజంతా ఆడినంత పత్తి పూటలో ఆడడం నేను కళ్లారా చూశాను. మెచ్చుకోబోతే, "నువ్వు పక్కకు జరుగప్పా, గాలి రాల్యా," అన్నారు.

ఆ రోజుల్లోనే పక్క మిల్లు మనిషి మా గేటు దగ్గర కాపుకాశాడు. "ఇంగో అణా ఏస్తామంటాండారు, రాండి," అన్నాడు.

"నీ అణా నాకితే దప్పి తీరుతాదా అన్నా?" అంది పెద్దావిడ, బిందె నెత్తికెత్తుకుంటూ.

"ముందు నువ్వొగ బిందె మోసుకొని మా ఇంటిదాకా రా, తర్వాత సూస్తాం!" అంది వెనకామె. అతను మళ్లీ కనబడలేదు.

కుప్ప అడుగున నేల కనబడిన తర్వాతే మొదటి వాన పడింది. సావుకారు ఎమ్మిగనూరు మాట మళ్లీ ఎత్తలేదు.

తర్వాతి పంట కాలానికి కూలీలను పిలుచుకు రమ్మని మేస్త్రీని పేటకు పంపబోయాం. అతను గేటు దాటేలోపే వాళ్లు ఎదురొచ్చారు, చంకల్లో బిందెలతో. ముందు పెద్దావిడ. ఏమంటారోనని నేను మేనేజరు వైపు చూశాను. ఆయన కొళాయి వైపు చూస్తున్నారు.

"ముందు ఆ కొళాయి లోపలి తోలుబిళ్ల మార్పించప్పా," అన్నారు నాతో. "నీళ్లు కారతాండాయి."