ఇప్పపూల సంచి

మా అమ్మ చెల్లెలు వజీరా ఖాలా ఏ వస్తువునూ పారేసే మనిషి కాదు. చీర చినిగితే బొంత కుడుతుంది, బొంత చినిగితే మసిగుడ్డ చేస్తుంది. ఎండాకాలంలో ఇప్పపూలు పట్టుకుని అడవి దారిన పోవద్దు, ఆ వాసనకు ఎలుగులు వస్తాయని చెబితే వింటుందా? మోకాళ్ల నొప్పులకు మందని తాడ్వాయిలో స్నేహితురాలి దగ్గర సంచి నిండా పోయించుకుని నా ఆటో ఎక్కింది.

పొద్దుగూకే వేళ వరంగల్‌కు తిరిగి వస్తుంటే, గుట్ట మలుపులో రోడ్డుకు అడ్డంగా ఎలుగు. బ్రేకు తొక్కాను. ఇంజను ఆగిపోయింది. సెల్ఫ్ ఎంత కొట్టినా స్టార్ట్ కాలేదు. ఆటోకు తలుపులుండవు.

ఎలుగు వెనక కాళ్ల మీద లేచి గాలిలో వాసన పట్టింది. తర్వాత మావైపే నడిచింది.

"ఖాలా, ఆ సంచి ఇసిరెయ్," అన్నాను.

"జర ఆగు బిడ్డా."

సంచి మూతి ముడి విప్పుతోంది. పళ్లతో కూడా లాగింది. ఎలుగు బుస నాకు వినిపిస్తోంది. చివరికి ముడి ఊడింది. పూలన్నీ రోడ్డు పక్కకు ఒక్క ఊపున కుమ్మరించింది. ఎలుగు అటు తిరిగి తల వంచింది. నా అదృష్టం, ఇంజను అందుకుంది.

రెండు మలుపులు దాటాక గానీ నాకు కోపం రాలేదు. "పానం పోతాంటే ముడి ఇప్పుకుంట కూసున్నవు. సంచితోనే ఇసిరేస్తే ఏమాయె?"

ఆమె ఖాళీ సంచిని మడిచి నడుముకు దోపుకుంది.

"పూలైతే తింటది. సంచి ఏం జేసుకుంటది?"