సగం ఖాళీ విమానంలో బాపు

రెండు చవక విమాన కంపెనీలు ఒకటి కాబోతున్నాయని తెలిసిన వారంలోనే నేను మా నాన్నను, బాపును, విమానం ఎక్కించాను. ఆ రెంటిలో ఒకదానికి హైదరాబాద్ విమానాశ్రయంలో కౌంటర్ దగ్గర పనిచేసేదాన్ని. ఇంట్లోవాళ్ళకిచ్చే సిబ్బంది టికెట్లు ఇక ముందు ఉంటాయో లేదో ఎవరికీ తెలియదు.

బాపు బొగ్గుగనిలో పనిచేసి రిటైరయ్యాడు. గోదావరి ఒడ్డున కంపెనీ క్వార్టర్లలో పెరిగిన నాకు, ఆయన పని అంటే భూమి లోపలికి దిగడమే. ఆ పొద్దున ఆయన నా పక్కన కిటికీ దగ్గర కూర్చుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, పైకి వెళ్ళాడు.

నాగపూర్ విమానం అది. మా కంపెనీ అప్పట్లో కొత్త కొత్త ఊళ్ళకు వేసిన వాటిలో ఒకటి. విమానాలు ఎంత పెరిగితే ఒక్కో సీటు మీద ఖర్చు అంత తగ్గుతుందని మా మేనేజర్ చెప్పేవాడు. మా ముందు నాలుగు వరసల్లో ఎవరూ లేరు. ఖాళీ సీట్ల మీద ఎండ పడి, మెల్లగా ఒకదాని మీద నుంచి ఇంకోదాని మీదికి జరుగుతోంది.

మబ్బులు విడిపోయినచోట కింద గోదావరి కనిపించింది. తళతళా మెరుస్తూ, కదలకుండా.

"మన గని గటు దిక్కేనా బిడ్డా?"

"అటే బాపు. కనబడదు."

"లోపలున్నప్పుడు మీద ఏమున్నదో సోయే ఉండకపోయేది," అన్నాడు. కిటికీ అద్దం మీద ఆయన ఊపిరి మసకగా అంటుకుని, కరిగిపోతోంది. ఆదిలాబాద్ అడవులు నీటి అడుగున ఉన్నట్టు పచ్చగా సాగుతున్నాయి.

దిగబోయే ముందు వెనక్కి తిరిగి వరసలు చూశాడు. "గింత ఖాళీగ తిరిగితె ఎట్ల నడుస్తది?"

"అందుకే రెండు కంపెనీలు కలుస్తున్నయి బాపు."

"మేం ఒకపారి రెండు గనులను లోపట్నే కలిపినం. గాలి మంచిగ ఆడింది. గానీ, దాంట్ల నీళ్ళు సుత దీంట్లకు వచ్చినయి. మోటర్లు పెట్టి తోడుడే తోడుడు."

కొన్ని నెలలకు కంపెనీలు కలిశాయి. మా నీలం చీరలు పోయి కొత్త రంగు వచ్చింది. రెండు కౌంటర్లు ఒకటయ్యాయి. నాతో పనిచేసిన వాళ్ళలో సగం మంది వెళ్ళిపోయారు. అవతలి కంపెనీ విమానాలు ఒక రకం, మావి ఇంకో రకం కావడంతో మెకానిక్కులూ విడిభాగాలూ చాలాకాలం వేరువేరుగానే ఉన్నాయి. నాగపూర్ విమానం ఆగిపోయింది. అలాంటి ఖాళీ దారులన్నీ ఒక్కొక్కటే మూసేశారు. మిగిలినవి నిండాయి. మరుసటి ఏడు లాభం వచ్చిందని మేనేజర్ మిఠాయి పంచాడు. పెరిగినందుకు వచ్చింది కాదది, తగ్గించుకున్నందుకు వచ్చిందని నాకనిపించింది.

ఆ లాభానికి ఇంకో కారణం కౌంటర్ ముందుకే వచ్చి నిలబడింది. చొప్పదండి నుంచి ఒకామె, మొదటిసారి దుబాయి వెళ్తోంది, భర్తను చూడటానికి.

"మా ఆయన పోయినప్పుడు టికెట్టు గింత లేకుండె."

"అప్పుడు రెండు కంపెనీలుండె అక్కా. ఒకదాన్ని చూసి ఒకటి తగ్గించేటివి. ఇప్పుడు ఒక్కటే."

"గట్లనా," అంది. కోపం లేదు ఆమె గొంతులో. సంచి తూస్తే బరువు కాస్త ఎక్కువ తేలింది. ఆమె సంచి విప్పి, డబ్బాలోంచి నాలుగు గుప్పిళ్ళ సకినాలు కాగితంలో పోసి నా వైపు జరిపింది. "పారేసుడెందుకు చెల్లె, నువ్వు తిను."

మధ్యాహ్నం అద్దాల గోడ దగ్గర నిలబడి వాటిని తిన్నాను. నువ్వులు, వాము, ఇంటి నూనె వాసన. బయట ఆమె ఎక్కిన విమానం ఎండలో నెమ్మదిగా కదిలింది. కిటికీలన్నీ నిండి ఉన్నాయి. వాటిలో ఆమెది ఏదో వెతుకుతూ అక్కడే ఉండిపోయాను.