గొట్టానికి పెట్టని కన్నం

మా బావ వేసిన అతుకు ఊడింది ఆయన చేతి తప్పు వల్ల కాదు, నా వల్ల. ఈ మాట చెప్పాల్సిన రోజున నేను మోకాలికి పసుపు రాయించుకుంటూ నోరు మూసుకుని కూర్చున్నాను.

బావ అంటే మా అక్క భర్త. దువ్వాడలో కిటికీ గ్రిల్సు, గేట్లు చేసే షాపు ఆయనది. నాకు ద్వారకా నగర్‌లో ఆఫీసు ఉద్యోగం. నా పొడుగుకు సరిపోయే సైకిల్ ఎక్కడా దొరక్క, వీడియోలు చూసి ఫ్రేము నేనే చేసుకుందామనుకున్నాను. వాళ్ల డాబా మీద పాత తలుపు చెక్క పరిచి, దాని మీద సుద్దతో ఫ్రేము బొమ్మ గీశాను. గొట్టాల చివర్లు ఒకదానికొకటి సందు లేకుండా ఆనేలా ఆకురాయితో అరగదీయడం నా పని. ఇత్తడి కరిగించి అతకడం బావ పని.

"పెన్నుకి మూతెట్టడం రాదు, ఈడు సైకిల్ సేత్తాడంట!" అంటూ అక్క టీ గ్లాసులు పట్టుకొచ్చేది.

"నవ్వే, నవ్వు. మేమిద్దరం సైకిళ్లేసుకుని అప్పికొండ బీచికి ఎల్లిననాడు సూద్దువు గాని," అనేవాడు బావ.

ముందు నా సైకిల్, తరవాత ఆయనది. రెండో ఫ్రేముకు గొట్టాలు కూడా అప్పుడే కొనేశాం.

రెండు కొసలూ మూసుకుపోయే గొట్టాన్ని అతికేటప్పుడు లోపలి గాలి వేడెక్కి పొంగుతుంది. అది పోవడానికి, గొట్టం వచ్చి ఆనే చోట ముందుగానే చిన్న కన్నం పెట్టాలి. లేకపోతే ఆ గాలి కరిగిన ఇత్తడిని తోసుకుని బయటికొస్తుంది. అతుకు పైకి నున్నగా ఉన్నా లోపల గుల్లే. హ్యాండిల్ దిగే గొట్టానికి ఆ కన్నం పెడుతుంటే డ్రిల్లు బిట్టు విరిగింది. అంత సన్నవి బావ షాపులో ఉండవు. ఆదివారం, కొందామంటే షాపుల్లేవు. బావ అప్పటికే మంట వెలిగించి కూర్చున్నాడు.

"గాలి పోడానికి కన్నం ఎట్టావా బావ?" అని అడిగాడాయన.

"ఎట్టీసాను బావ," అన్నాను.

ఆయన తొంగి చూడలేదు.

ఆ తరవాత కొన్ని ఆదివారాలు వచ్చాయి. తెల్లవారుతుండగా నేను కొత్త సైకిల్ మీద, బావ షాపు సైకిల్ మీద. ఉప్పుగాలి మొహానికి తగలగానే ఆయన ఊరికే బెల్లు కొట్టేవాడు, ఎదురుగా ఎవరూ లేకపోయినా. అప్పికొండ ఇసకలో సైకిళ్లు పడుకోబెట్టి, నా ఫ్రేము అతుకుల మీద వేలు పెట్టి రాస్తూ, "నాదింకా బాగా సేత్తాను సూడు," అనేవాడు.

ఒక ఆదివారం తిరిగి వస్తుంటే పల్లంలో ఫ్రేము ముందు భాగం ఊడిపోయింది. బావ ఆటో కోసం పరిగెత్తాడు. రోడ్డు పక్కన కూర్చుని విరిగిన చోటు చూశాను. గొట్టానికి కన్నం లేదు. ఇత్తడి మాత్రం కాలిన అట్టులా కన్నాలు కన్నాలుగా ఉంది.

"అదేం అతుకయ్యా? నా తమ్ముడి పళ్లు రాలిపోతే?" అని ఇంట్లో నా మోకాలికి పసుపు రాస్తూ, చుట్టాల ముందు అక్క బావని కడిగేసింది.

బావ తన చేతులకేసి చూసుకున్నాడు. "మంట సాల్లేదేమో," అన్నాడు.

నేను ఆ సాయంత్రమే బావ కంటపడకముందే ఆ ముక్కల్ని పాత ఇనుము బండికి వేసేశాను.

ఆయన మళ్లీ ఇత్తడి అతుకు జోలికి పోలేదు. ఎవరైనా సైకిల్ తెస్తే "గేట్లే సేత్తాం," అని పంపేసేవాడు. ఆదివారాలు ఆగిపోయాయి. రెండో ఫ్రేము గొట్టాలు మా అటక మీదే ఉండిపోయాయి. ఈ ఊరి గాలికి ఇనుము నిలవదు కాబట్టి వర్షాలు వెళ్లాక ప్రతిసారీ దించి నూనె రాసేవాణ్ణి. వీధిలో ఏ బెల్లు మోగినా గుమ్మంలోకి వచ్చేవాణ్ణి.

మొన్న వాటికి పెట్టాల్సిన చోటల్లా కన్నాలు పెట్టి, భుజాన వేసుకుని బావ ఇంటికి వెళ్లాను. అక్క భోజనం వడ్డిస్తోంది. బావ ఒక గొట్టం అందుకుని, వెలుతురుకు పట్టి లోపలికి చూశాడు.

"ఇప్పుడెందుకివి? నా అతుకు మళ్లీ నమ్ముతావేటి బావ?"

"అక్కా, నువ్వూ ఇను. ఆరోజు నాను కన్నం ఎట్టలేదు బావ. ఎట్టీసానని అబద్ధమాడాను. ఊడిపోయాక సూసి కూడా నోరిప్పలేదు. నీ సేతిలో ఏ తప్పూ లేదు, నాదే తప్పు. నన్ను చెమించు బావ."