మేనరికానికి వీసా

ఈశ్వరి పెళ్లికి, హిందీ ఊళ్లో తెలుగువాళ్ల పేట అయిన సీతారాండేరాలో మూడు వీధుల వాళ్లు భోంచేశారు. బ్యాండు మోతకు పక్కింటి ముసలాయన రెండు రోజులు చెవులు మూసుకు కూర్చున్నాడు. అయినా ప్రభుత్వం లెక్కలో ఆమెకు పెళ్లి కాలేదు. కాగితం లేదు మరి! కాగితం లేకుండా అత్తవారి అంట్లు తోమవచ్చు, మొగుడికి జ్వరమొస్తే ఉపవాసాలుండవచ్చు. మస్కట్‌లో ఉన్న ఆ మొగుడి దగ్గరకు వెళ్లడానికి మాత్రం వీల్లేదు.

మొగుడు ధర్మరాజు అక్కడ క్రేన్ నడుపుతాడు. పెళ్లయిన ఏడాదికే వెళ్లాడు. అప్పటినుంచీ వాళ్ల కాపురమంతా ఫోన్‌లోనే. ఈసారి అతని రెసిడెన్స్ కార్డు రెన్యూ చేయిస్తూ, పెళ్లి సర్టిఫికెట్ ఉంటే భార్యకూ వీసా పెడతామని కంపెనీ దయ తలచింది. ధర్మరాజు సెలవు పెట్టి వచ్చాడు. ఆ సెలవులోగా సర్టిఫికెట్ చేతికి రాకపోతే కార్డు మళ్లీ రెన్యూ అయ్యేదాకా ఈశ్వరి ఫోన్‌తోనే కాపురం చేయాలి.

ధర్మరాజు ఆమెకు మొగుడే కాదు, సొంత మేనమామ. తల్లి నూకమ్మకు కడగొట్టు తమ్ముడు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్లలో ఇది వింత కాదు. ఈశ్వరి పుట్టినప్పుడు ఆరేళ్ల ధర్మరాజు ఒళ్లో పెట్టి, "నీ పెళ్లాం వచ్చింద్రా" అన్నారు. వాడు భయపడి ఏడ్చాడని ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు.

పెళ్లి రిజిస్టరు చేయించడానికి ముగ్గురూ వెళ్లారు. సాక్షి నూకమ్మ. క్లర్కు ఆమెను హిందీలో అడిగాడు, ఆడపిల్ల తరఫా, మగపిల్లాడి తరఫా అని.

"దోనో!" అంది నూకమ్మ గర్వంగా. "లడ్కీ మేరీ బేటీ, లడ్కా మేరా భాయ్."

ఆ ఊళ్లో పుట్టి పెరిగి ఆమె నేర్చిన హిందీ అంతా ఆ ఒక్క ముక్కలో తప్పు లేకుండా వచ్చింది. కొంప మునిగింది అందుకే.

క్లర్కు కలం కింద పెట్టాడు. "మామా-భాంజీ? రామ్ రామ్!" మేనమామా, మేనకోడలూనా అని, పొద్దుటినుంచీ గుట్కా నములుతున్న నోటితో దేవుణ్ని తలచుకున్నాడు. పక్క టేబులాయన్ని పిలిచి, జూలో జంతువును చూపించినట్టు ముగ్గుర్నీ చూపించాడు. ఇద్దరూ తృప్తిగా అసహ్యించుకున్నాక చట్టం గుర్తొచ్చింది. కులంలో ఆచారముంటే చెల్లుతుందట. ఉందని కుల సమాజం పెద్ద చేత అఫిడవిట్ రాయించి తెమ్మన్నారు.

బయటికొచ్చాక ధర్మరాజు తల పట్టుకున్నాడు. "ఏటక్కా నువ్వు! ఒక పక్క సెప్తే సాలదేటి?"

"రెండూ నిజవే గదరా! సర్కారీ ఆఫీసులో అబద్ధం సెప్పమంటావా?"

సమాజం పెద్ద నారాయణమూర్తి రిటైరైన ఫోర్‌మన్. ప్రతి ఉగాదికీ శాలువా కప్పుకుని, మన ఆచారాలు మరిచిపోతే మనం మనుషులమే కాదని మైకులో గర్జిస్తాడు. ఆచారం కాగితమ్మీద సంతకం అడిగేసరికి ఆయనకు సైన్సు గుర్తొచ్చింది.

"మేనరికం మంచిది కాదమ్మా, డాక్టర్లు సెప్తన్నారు. నాను సంతకం పెడితే నలుగురూ ఏటనుకుంటారు? మా మనవడు ఇంగ్లీషు స్కూల్లో సదువుతున్నాడు."

"మరి మామ్మగారు మీకేటవుతారు తాతగారూ?" అంది ఈశ్వరి.

నారాయణమూర్తి పేపరు తెరిచి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. వంటింట్లోంచి ఆయన భార్య బంగారమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"సెప్పండి, ఏటవుతానో! మీ అక్క కూతుర్నని సెప్పడానికి నోరు రాదేటి? పేపరు తీయండి. మీరు పెట్టకపోతే నానే ఎల్లి ఆ ఆఫీసులో నిలబడతాను. మీ మనవణ్ని కూడా తీసుకెల్తాను, ఇంగ్లీషులో సెప్తాడు."

సైన్సు అక్కడితో ఆగింది. సంతకం పడింది.

క్లర్కు అఫిడవిట్ అటూ ఇటూ తిప్పి చూశాడు, చెయ్యి కడుక్కునే ముఖంతో దాన్నీ సర్టిఫికెట్‌నీ కలిపి ఇచ్చాడు. తల్లీకూతుళ్లు ఆ రెండు కాగితాలూ పట్టుకుని వంతెన దాటి మాంగో అనే పేటలో వీసా ఏజెంటు ప్రేమ్‌కుమార్ దగ్గరకు వెళ్లారు. వాడూ తెలుగువాడే. సర్టిఫికెట్ చూసి తలూపాడు. అఫిడవిట్ చూసి ఉలిక్కిపడ్డాడు.

"ఇది ఎవరికీ సూపకండి పిన్నీ! ఫైల్లో పెడితే వీసా గోవిందా."

"ఏటికిరా? దీనికోసం కాళ్లరిగేలా తిరిగేం!"

"అక్కడ మేనమామని సేసుకుంటే పాపం. పెదనాన్న కొడుకైతే పర్వాలేదు."

నూకమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఛీ ఛీ! పెదనాన్న కొడుకు అన్నయ్య కాడేటి? ఏం మనుషుల్రా వాళ్లు!" క్లర్కు తమను చూసినప్పుడు ముఖం ఎలా పెట్టాడో, అచ్చం అలాగే పెట్టింది.

ఆచారానికి కూడా సరిహద్దు దాటాలంటే పర్మిషన్ కావాలని ఈశ్వరికి ఆ రోజు తెలిసింది. ఒక ఆఫీసులో తల వంచుకుని నిరూపించిన చుట్టరికాన్ని ఇంకో ఆఫీసులో తల వంచుకుని దాచాలి. చదువుకున్న దేశాలు ఇంతకంటే సులువైన పద్ధతి కనిపెట్టలేదు కాబోలు.

ధర్మరాజు సర్టిఫికెట్ పట్టుకుని మస్కట్ వెళ్లిపోయాడు. కొద్ది రోజులకు కంపెనీలో వీసాలు చూసే మనిషి ఈశ్వరికి ఫోన్ చేశాడు, వివరాలు సరిచూసుకోవాలని. ఆమె చేతులకు పిండి ఉంది. నూకమ్మే ఫోన్ స్పీకర్లో పెట్టి పట్టుకుంది. ఆయన హిందీలో అడుగుతున్నాడు, ఈశ్వరి జవాబిస్తోంది.

పెళ్లికి ముందు అబ్బాయి తెలుసా?

లేదు సార్. పెళ్లిచూపుల్లోనే చూశాను.

శభాష్, మంచి సంప్రదాయం, అన్నాడాయన. ధర్మరాజుకు అక్కచెల్లెళ్లు ఎంతమంది?

ఈశ్వరి తల్లి ముఖంలోకి చూసింది. ఆ తల్లి తమ్ముణ్ని చంకన వేసుకుని పెంచింది. ఇప్పుడు కూతురి మాట వినబడాలని ఫోన్ ఇంకాస్త దగ్గరకు జరిపి పట్టుకుంది.

"కోయీ నహీ సార్," అంది ఈశ్వరి. ఎవరూ లేరు.

వివరాలు సరిపోయాయి, ఈ నెల్లోనే వీసా వచ్చేస్తుందని చెప్పి ఆయన పెట్టేశాడు. ఈశ్వరి పిండి కలుపుతూనే ఉంది, అది ఎప్పుడో కలిసిపోయినా. నూకమ్మ ఫోన్‌కు అంటిన పిండిని కొంగుతో నెమ్మదిగా తుడిచింది.

"పోన్లే," అంది. "తల్లినైనా మిగిల్చేవు."