ఖాళీ మనిషి వేషం

పిడుగురాళ్ల సున్నపు బట్టీల దగ్గర పుట్టి పెరిగిన జక్రయ్యకు తెల్లదనమంటే శుభ్రం కాదు, పని. కనుబొమల్లో సున్నం, చెప్పుల్లో సున్నం. పత్తితీతల రోజుల్లో పొలాలకు పోయినా మళ్లీ బట్టీకే చేరేవాడు. వేటపాలెంలో జీడిగింజలు కొట్టే రెబ్కాను చేసుకున్నాడు. జీడి అంటి ఆమె వేళ్లు నల్లగా ఉండేవి. ఇద్దరినీ జతచేయడం దేవుడి పరాచికమని పాస్టరుగారు పెళ్లిలోనే అన్నారు.

రెబ్కా ఏనాడూ మొగుడి పేరు పలకలేదు. తాతల నాడే మతం మారింది గానీ ఆ కట్టడి మాత్రం మారలేదు. కూతురు పుట్టాక ప్రార్థనలో కూడా "షారోన్ నాన్నను కాపాడు ప్రభువా" అనేది. ఏ షారోన్ నాన్నో దేవుడే వెతుక్కోవాలి.

కొన్నాళ్లుగా ఆమెకు మతిమరుపు జబ్బు. ఇప్పుడు అతన్నీ గుర్తుపట్టడం లేదు. అన్నం పెడితే తిని, "మీదే ఊరండీ?" అని మర్యాదగా అడుగుతుంది. తానెవరో ఆమెకు ఒక్కసారి తెలిస్తే చాలునని జక్రయ్య ఆశ.

అలాంటప్పుడు పాడుబడిన బట్టీలోకి సినిమావాళ్లు దిగారు. మనుషుల జ్ఞాపకాలు పిండి అమ్ముకునే రాబోయే కాలపు నగరం కథ. జ్ఞాపకం పోతే మిగిలేది ఎవరన్న ప్రశ్నను వేదాంతులు యుగాల తరబడి సాగదీశారు. వీళ్లు రెండు గంటల్లో తేల్చేస్తారట. దర్శకుడు సాయిరాంకు జక్రయ్య మొహం నచ్చింది.

"మీరు ఖాళీ అయిపోయిన మనిషండి. ఎవరు పేరుపెట్టి పిలిచినా తిరక్కుండా నడిచిపోవాలి."

"అది నేర్పక్కర్లేదు బాబూ. ఇంట్లో రోజూ చూస్తన్నా."

రెబ్కాను ఒంటరిగా వదల్లేక వెంట తెచ్చి, రేకుల నీడన పక్కింటి నాగజ్యోతి దగ్గర కూర్చోబెట్టాడు. పొద్దుటినుంచీ రిహార్సళ్లే. యూనిట్ వాళ్లు వెనకనుంచి "జక్రయ్యా, జక్రయ్యా" అని పిలవడం, అతను సాగిపోవడం.

"బిర్యానీ వచ్చిందన్నా తిరగవా ఏంది బాబాయ్?" అంది నాగజ్యోతి.

కెమెరా నడిచింది. జక్రయ్య తెల్లటి దుమ్ములో సగం దూరం పోయాడు.

"జక్రయ్యా."

రెబ్కా గొంతు. అతని కాళ్లు ఆగిపోయాయి. తిరిగి చూశాడు.

"కట్," అని సాయిరాం తల పట్టుకున్నాడు. "ఏంటండీ పెద్దాయనా, చెప్పింది అదొక్కటేగా."

జక్రయ్య ఆ మాట వినిపించుకోలేదు. వెళ్లి రెబ్కా ముందు కూర్చున్నాడు. "నేనెవర్ని?"

ఆమె అతని మొహంమీది సున్నాన్ని కొంగుతో తుడిచింది.

"పేరెట్టి పిలిచిందిగా బాబాయ్, గుర్తొచ్చుంటావ్," అంది నాగజ్యోతి.

అలా అనుకునే ధైర్యం జక్రయ్యకు చాల్లేదు. వాళ్లు పిలుస్తుంటే విని అన్నదేమో. మొగుడని తెలిస్తే ఆ పేరు పలికేదా? తెలియకే పలికిందేమో. ఏదైనా కానీ, తన పేరు ఆమె నోట ఎలా ఉంటుందో ఇన్నేళ్ల కాపురంలో ఇప్పుడే తెలిసింది.

"ఇంకో టేక్ చేద్దామండి," సాయిరాం కేకేశాడు. "ఈసారి తిరక్కండి."

"వేరే మనిషిని చూసుకో బాబూ. ఆమె మళ్లీ పిలిస్తే నేను మళ్లీ తిరుగుతా," అని జక్రయ్య కెమెరాకు వీపుపెట్టి, రెబ్కాకు ఎదురుగా సర్దుకు కూర్చున్నాడు.