బాపు పేరు మీద రెండో సిమ్

నేను కరీంనగర్‌లో కంప్యూటర్ ఉద్యోగంలో కొత్తగా చేరిన రోజులవి. ఎక్కడో బాంబు పేలింది. వేరేవాళ్ల ఆధార్‌తో తీసిన సిమ్‌లు ఉగ్రవాదుల దగ్గర దొరికాయని టీవీలో ఒకటే వార్తలు. సిరిసిల్లలో అమ్మానాన్నలుండే మా ఇంటికి వెళ్లినప్పుడు, ఎవరి పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో ఆన్‌లైన్‌లో చూశాను. నా పేరు మీద రెండు సిమ్‌లు, అవ్వ పేరు మీద ఒకటి, సరిపోయాయి. బాపు పేరు మీద ఒకటే ఉండాలి, రెండున్నాయి. బాపు ఫోన్ ఇంట్లో పెట్టి సాంచలు, అంటే మరమగ్గాలు, నడిపే షెడ్డుకు వెళ్లాడు. నాకు టీవీ వార్తలే గుర్తొచ్చాయి. ఆయన వచ్చేదాకా ఆగకుండా, ఆ ఫోన్‌కు వచ్చిన ఓటీపీ కొట్టి, 'ఈ నంబరు నాది కాదు' అని నొక్కేశాను.

నాలుగో రోజు బాపు కరీంనగర్‌కు ఫోన్ చేసి, తన పేరు మీది రెండో సిమ్ ఎందుకో ఆగిపోయిందన్నాడు. నేనే మూయించానని చెప్పాను.

"అరే, గది సలీందిరా! నా పక్క సాంచలు నడిపే బిహారాయన. ఈడ కాగితాలు లేవంటే నా ఆధార్ మీద నేనే సిమ్ ఇప్పిచ్చిన. బిహార్ల ఆయన పెండ్లానికి నెలలు నిండినయ్. ఇంట్ల ఫోన్ లేదు, ఎవరిదన్న అడిగి గా నంబర్‌కే చేస్తది."

"నాకెందుకు చెప్పలే బాపూ?"

"నువ్వడిగినవా? గంత సదువు సదివినవ్, ఒక్క మాట అడుగరాదా?"

నేను వెంటనే సిరిసిల్ల వెళ్లాను. మూసిన నంబరు మళ్లీ రాదని దుకాణంలో తేల్చేశారు. ఆమె ఇదివరకు ఎవరెవరి ఫోన్ల నుంచో చేసిన నంబర్లు సలీం ఫోన్‌లో ఉంటే, వాటికి చేశాం. రెండు స్విచాఫ్. మూడోది ఎత్తినాయన తాను పంజాబ్‌లో కూలి పనిలో ఉన్నానన్నాడు. మర్నాడు సలీం ఊరికి వెళ్లడానికి పెద్దపల్లిలో రైలెక్కాడు. మళ్లీ రాలేదు, ఫోనూ చేయలేదు. ఆ తల్లీబిడ్డలు ఎలా ఉన్నారో మాకు తెలియదు.

నేను చేసింది తప్పని తెలుసు. రేపు మరో తెలియని నంబరు కనిపిస్తే, ఆ భయంలో మళ్లీ అదే నొక్కుతాననీ తెలుసు.