ఈశాన్యంలో కరెంటు

నేను హైస్కూల్లో పిల్లలకు ఫిజిక్స్ చెప్తాను. ఫ్యూజు తీగ ఎందుకు సన్నగా ఉండాలో ఏటా టెన్త్ క్లాసు వాళ్లకు బొమ్మ గీసి మరీ చెప్తాను. మా ఇంట్లో మాత్రం ఫ్యూజు పోయిన ప్రతిసారీ మా ఆయన రాగితీగ నాలుగు పోగులు మెలేసి బిగించి, "ఇంక చచ్చినా పోదు" అని మీసం దువ్వుకునేవారు. అదేదో మా ఒక్క ఇంటి ఘనతే అనుకునేరు, నరసరావుపేటలో మా వీధంతా అదే తంతు. మీటరు పక్కనున్న ఆ పాత చెక్క బోర్డంటే నాకు ఎప్పటినుంచో ఒళ్లుమంట. ఎలక్ట్రిక్ కారు కొన్నాక అది పోట్లాటగా మారింది.

కారు నా కోసమే, నా జీతంతోనే కొన్నాను. మా బడికి శావల్యాపురం దాటి ఇంకా లోపలికి వెళ్లాలి. ఇన్నేళ్లూ మా ఆయన స్కూటరు మీద బస్టాండులో దింపితే వెళ్లడం, సాయంత్రం ఆయన కొట్టు వదిలి వచ్చేదాకా అక్కడే నిలబడడం. యాభై దాటాక డ్రైవింగ్ నేర్చుకున్నది సరదాకు కాదు. ఇంకొకరి వీలు చూసుకుని బతకడం విసుగొచ్చింది.

కారు ఇంటికొచ్చింది గానీ దాని కడుపు నింపే దారి లేదు. మాది తూర్పు ముఖం ఇల్లు. వంటగది, మీటరు ఆగ్నేయంలో ఉంటే, కారు నిలిపే పోర్టికో ఈశాన్యంలో ఉంది. అక్కడ చార్జరు పెట్టాలంటే లోడు పెంచి, చెక్క బోర్డు పీకేసి, కొత్త బోర్డు నుంచి కారు దాకా విడిగా లావు కేబుల్ వేయాలి. పై వాటాలో ఉండే మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, ఆ మాట వినగానే కిందికి దిగొచ్చారు.

"ఈశాన్యంలో అగ్గి పెడతారంట్రా? ఈశ్వరుడి మూల అది. కొరివితో తల గోక్కోటం అంటే ఇదే" అన్నారు తమ్ముడితో. నాతో కాదు. మా ఇంట్లో తమ్ముడి భార్య బావగారికి ఎదురుపడి మాట్లాడే అలవాటు లేదు. ఏదన్నా ఉంటే మా ఆయనే మధ్యలో నిలబడి అటు మాట ఇటు, ఇటు మాట అటు మోస్తారు.

ఎలక్ట్రీషియనేమో, "ముందు మీ ఇంట్లో తేల్చుకోండమ్మా, రేపు ఏదన్నా అయితే నా మీదకొస్తది" అని బ్యాగు సర్దుకుని పోయాడు. మా ఆయన పరిస్థితి కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. చివరికి ఒక ఉపాయం కనిపెట్టారు. వంటగదిలో గ్రైండరు పెట్టే సాకెట్టుకు ఎక్స్‌టెన్షన్ బాక్సు తగిలించి, తీగను కిటికీలోంచి వరండా మీదుగా కారు దాకా లాగారు.

"కరెంటు ఆగ్నేయంలోనే ఉందిగా! అన్నయ్యకూ కోపం రాదు, నీ కారుకూ చార్జింగ్ ఎక్కుద్ది."

"ఆ వైరింగ్ అంత లోడు తట్టుకోదండీ" అన్నాను.

"టీచరమ్మా, ఇది బడి కాదే!" అని నవ్వారు. ఫ్యూజు పోయింది. మామూలే, ఇంకో రెండు పోగులు చుట్టారు.

ఒక సెలవురోజు పొద్దున కారుకు చార్జింగ్ పెట్టి గోంగూర వేయిస్తుంటే కిటికీ దగ్గర ఏదో కాలుతున్న వాసన వచ్చింది. ప్లగ్గు కరిగి సాకెట్టుకు అతుక్కుపోయింది. పక్కనే గ్యాస్ బండ. పరుగున వెళ్లి మెయిన్ ఆపేసి వచ్చి, గోడ మీద చెయ్యి పెడితే లోపల తీగ వెళ్లిన దారంతా వెచ్చగా తగిలింది. భయం తర్వాత వేసింది. ముందు పిచ్చి కోపం వచ్చింది.

వాసనకు బావగారు కిందికొచ్చారు. నల్లబడ్డ సాకెట్టు చూసి, "నే చెప్పలా? ఆ కారు అచ్చిరాలేదురా. అచ్చంపేటలో మా బామ్మర్ది అడుగుతున్నాడు, వాడికిచ్చెయ్" అన్నారు. మా ఆయన నా వైపు చూశారు. ఆ చూపులో సగం ఒప్పుకోలు కనబడింది. ఇంకాసేపు నోరు మూసుకుంటే నా కారు తాళం అచ్చంపేట పోవడం ఖాయం.

పెళ్లయ్యాక మొదటిసారి మా ఆయన్ని పక్కకు జరిపి బావగారి ముందు నిలబడ్డాను.

"బావగారూ, అంటుకోబోయింది ఈశాన్యంలో కాదండీ, ఆగ్నేయంలోనే. మన బోరు మోటారు ఏ మూలనుందండీ?"

నీళ్లు ఈశాన్యంలోనే ఉండాలని పట్టుబట్టి అక్కడ బోరు వేయించింది ఆయనే. దాని స్టార్టరు పెట్టె పోర్టికో గోడకే ఉంది. రోజూ పొద్దున్నే లుంగీ ఎగ్గట్టుకుని ఆ బటన్ నొక్కేదీ ఆయనే.

"మీ స్నానానికి నీళ్లు తోడే కరెంటుకు ఈశ్వరుడికి కోపం లేదు. నేను బడికి పోయే కరెంటుకే వచ్చిద్దా?"

"ఏందిరా, మీ ఆవిడకు చానా నోరొచ్చిందే!" అన్నారు బావగారు, నన్ను వదిలి తమ్ముడిని చూస్తూ.

"నోరు ఎప్పుడూ ఉందండీ, వాడలేదంతే. కారు ఎక్కడికీ పోదు. రేపే పని మొదలు పెట్టిస్తున్నా."

"రేపు మంగళవారమే!" అన్నారు మా ఆయన గాబరాగా.

మంగళవారమే మొదలైంది. ఎలక్ట్రీషియన్ మళ్లీ నసుగుతుంటే, "ఏదన్నా అయితే నా మీదకే రానీయ్, నువ్వు పని చెయ్" అన్నాను. చెక్క బోర్డు ఊడింది. దాని జాగాలో ఎక్కువ కరెంటు లాగితే తనంతట తాను పడిపోయే స్విచ్చులున్న కొత్త పెట్టె వచ్చింది. వంటగది వైరింగ్ మార్పించాను. బొగ్గు, ఉప్పు పోసి కొత్త ఎర్తింగ్ వేశారు. కరెంటాఫీసు వాళ్లొచ్చి లోడు పెంచి మీటరు కూడా మార్చి వెళ్లారు. ఆ పనంతా జరిగినన్నాళ్లూ బావగారు అలిగి మాటలు మానేశారు. మోటారు వేయడం మాత్రం మానలేదు.

చార్జరు బిగించిన మర్నాడు పొద్దున, నిండా చార్జింగ్ ఎక్కిన కారులో కూర్చుని బెల్టు పెట్టుకుంటున్నాను. బావగారు మోటారు ఆపడానికి వచ్చి అద్దం దగ్గర ఆగారు. మా ఆయన అప్పటికే కొట్టుకు వెళ్లిపోయారు.

"ఎన్నింటికి వస్తావమ్మా?" అని నన్నే అడిగారు.

"నాకు వీలైనప్పుడు వస్తానండీ. కాస్త ఆ గేటు తీస్తారా?"

ఆయన మోటారు ఆపారు. తర్వాత వెళ్లి గేటు తీశారు.